ఫోన్‌లో గురుగ్రహం తెల్లటి బిళ్లగానే వస్తోంది, చారలు రావాలంటే ఏం చెయ్యాలి?

వంశధార_టీచర్ (గుణుపురం, ఒడిశా)
17 జనవరి 2026

అందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. చదువు ఒడియాలో, కానీ పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగో, సవరో మాట్లాడేవాళ్లే. నా దగ్గర 6 అంగుళాల డాబ్సోనియన్ (పీఠం మీద చేత్తో తిప్పే రకం) టెలిస్కోపు ఉంది. అద్దం 150 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 1200. దాంతోపాటు వచ్చిన 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు (కన్ను ఆనించి చూసే కటకాలు) తప్ప వేరేవి లేవు.

సంక్రాంతి సెలవుల్లో మా వీధి పిల్లల్ని డాబా మీదికి పిలిచి గురుగ్రహం చూపించాను. 10 ఐపీసు పెడితే చారలు అందరికీ కనబడ్డాయి. ఏడో తరగతి పిల్ల ఒకతె కాసేపు కన్ను తియ్యకుండా చూసి, "మేడమ్, పైచార కిందిచార ఒకే రంగులో లేవు" అంది. నేను అడగలేదు, తనే పట్టింది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఇదే ధ్యాస.

హాస్టల్లో ఉండే ఆడపిల్లలకి మాత్రం చూపించలేకపోతున్నాను. రాత్రి భోజనాలయ్యాక వాళ్లు గేటు దాటకూడదు, అది సబబే. టెలిస్కోపు అక్కడికే తీసుకెళ్దామంటే చుట్టూ చెట్లు, గేటు దగ్గర పెద్ద లైటు. అందుకని వాళ్ల కోసం ఫొటో తీసి, పెద్దది ప్రింటు వేయించి క్లాసులో పెడదామని ఫోన్ హోల్డర్ కొన్నాను.

ఫోన్ బిగించి చూస్తే స్క్రీన్ మీద గురుడు తెల్లటి బిళ్ల, అంతే. ఒక్క చార లేదు. జూమ్ చేస్తే బిళ్లే పెద్దదవుతోంది. నైట్ మోడ్ పెడితే మరీ అన్యాయం. అంచులు కూడా ఒక్క క్షణం నిలవవు, అల్లల్లాడుతూ ఉంటాయి. నా కంటికి కనబడేది ఫోన్‌కి ఎందుకు కనబడటం లేదు? దీనికి వేరే కెమెరా కొనక తప్పదా? గురుడి మీదున్న పెద్ద తుపాను, అదే ఎర్రమచ్చ, దాని దాకా వెళ్లడం ఈ టెలిస్కోపుతో అయ్యే పనేనా? బడిలో విండోస్ కంప్యూటర్ ఒకటి ఉంది, అది వాడుకోవచ్చు. తెలిసినవాళ్లు చెప్పగలరు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
17 జనవరి 2026

టీచర్ గారూ, చారల సంగతి పెద్దవాళ్లు చెబుతారు. ముందు ఒక్క మాట: ఆ తెల్లబిళ్ల ఫొటోలు డిలీట్ చెయ్యకండి. వాటిని పెద్దవి చేసి బిళ్లకి రెండు పక్కలా చూడండి, ఒకే వరసలో చిన్న చుక్కలు ఉంటాయి. అవి గురుడి చంద్రులు. గ్రహం తెల్లగా మాడిపోయేంత వెలుతురు పడితేనే అవి ఫోన్‌కి అందుతాయి.

1610 జనవరిలో గెలీలియో చేసిన పని మీ హాస్టల్ పిల్లలు పగటిపూట క్లాసులోనే చెయ్యొచ్చు. రోజూ ఒకే టైముకి అలాంటి ఫొటో ఒకటి తీసి, తేదీ వేసి, ఒకదాని కింద ఒకటి అంటించండి. అయో ఒక చుట్టు తిరగడానికి ఒక రోజు 18 గంటలు, యూరోపాకి మూడున్నర రోజులు, గానిమీడ్‌కి వారం, కాలిస్టోకి దాదాపు 17 రోజులు. ఏ చుక్క ఏదో పేర్లు మీరు చెప్పొద్దు, వాళ్లనే తేల్చుకోమనండి. మా అబ్బాయి ఇలా చేసే కాలిస్టోని పట్టుకున్నాడు, అన్నిటికన్నా దూరం పోయి నింపాదిగా తిరిగొచ్చేది అదే కదా.


నాగావళి_గట్టు (రాయగడ)
18 జనవరి 2026

టీచరమ్మా, కెమెరా మాట ఇప్పుడే ఎత్తకండి. మీ అద్దం చాలు, మీ ఫోనూ చాలు. నేను రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన మనిషిని. రాయగడలో మా పెరట్లో ఇదే సైజు డాబ్సోనియన్‌తో, మామూలు ఫోన్‌తో చారలు తీస్తున్నాను, ఎర్రమచ్చ కూడా దొరికింది. ఫొటో ఎలా వస్తుందన్నది కెమెరా కంటే ఎక్కువగా గాలి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ గాలి సంగతికి తర్వాత వస్తాను.

ముందు తెల్లబిళ్ల ఎందుకొస్తోందో చూద్దాం. ఫ్రేమంతా చీకటి, మధ్యలో ఇంత వెలుగు. ఫోన్ ఆ చీకటిని చూసి వెలుతురు చాల్లేదనుకుని పెంచేస్తుంది. గురుడి మీద పడుతున్నది ఎండ. మనకు అర్ధరాత్రి కావచ్చు, మనకు కనబడే గురుడి ముఖమంతా పట్టపగలే. అందుకని స్క్రీన్ మీద గురుడిని వేలితో నొక్కిపట్టండి, లాక్ పడుతుంది. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. "ఇదేటి, ఇంత మసకగా ఉంది" అనిపించేదాకా లాగండి. ఆ మసకలోనే చారలు తేలతాయి. ప్రో మోడ్ ఉంటే ఇంకా సుఖం. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ 1/125 సెకను దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి చూడండి. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ రెండూ ఆపెయ్యాలి. ఫోకస్ మాత్రం వెలుతురు తగ్గించకముందే, గురుడి మీద కాకుండా పక్కనున్న గురుడి చంద్రుడి మీద చూసుకోండి. ఆ చుక్క ఎక్కడ అన్నిటికన్నా చిన్నదైతే అక్కడ ఆగండి.

ఇక రెండోది, ఫొటో వద్దు, వీడియో తియ్యండి. మన తలమీదున్న గాలి ఒక్క క్షణం కుదురుగా ఉండదు. సెకనుకి 30 బొమ్మలు తీస్తే వాటిలో చాలావరకు చెదిరినవే, కొన్ని మాత్రం గాలి కుదుటపడ్డ క్షణంలో పడ్డవి ఉంటాయి. ఆ మంచివాటిని ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చితే చార తేటపడుతుంది. మీరు కంటితో చూసినప్పుడు మీ మెదడు చేసింది ఈ పనే. చెదిరిన క్షణాల్ని వదిలేసి, కుదిరిన క్షణాన్ని పట్టుకుంది. ఏడో తరగతి పిల్ల కన్ను తియ్యకుండా చూసిందన్నారే, ఆ పిల్లకి రంగు తేడా తెలిసింది అందుకే.

మోటారు లేని టెలిస్కోపు కాబట్టి గురుడు కదిలిపోతాడని బెంగ వద్దు. 10 ఐపీసులో ఒక అంచు నుంచి రెండో అంచుకి చేరడానికి నిమిషంన్నర పడుతుంది. అంచున పెట్టి, రికార్డు నొక్కి, చేతులు తీసెయ్యండి. మధ్య నుంచి దాటిన భాగం వాడుకుని, మళ్లీ అంచుకి తెచ్చుకోండి. ఒక బొమ్మకి వాడే వీడియో అంతా కలిపి రెండు మూడు నిమిషాలు దాటకూడదు. గురుడు తన చుట్టూ తాను 9 గంటల 56 నిమిషాల్లోనే తిరిగేస్తాడు, అంతకు మించితే మచ్చలు జరిగిపోయి అలుక్కుపోతాయి.

ఫోన్ బరువుకి టెలిస్కోపు ముందు భాగం కిందికి వాలుతుంది. నేను ఒక చిన్న గుడ్డసంచిలో ఇసుక పోసి, గొట్టం వెనక భాగానికి రబ్బరు బెల్టుతో కడతాను. ఇసుక ఎక్కువైతే గుప్పెడు తీసేస్తాను, తక్కువైతే పోస్తాను. చెయ్యి వదిలినా గొట్టం వాలకుండా అలాగే నిలబడితే సరిపోయినట్టు.

ఇప్పుడు గాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, నిదానంగా చదవండి. పగలంతా ఎండ తాగిన డాబా రాత్రి ఆ వేడిని కక్కుతుంది. మీ గొట్టం ముందు నుంచే ఆ వేడిగాలి లేస్తుంది, అంచులు అల్లల్లాడేది అందుకే. మట్టి నేల మేలు, పచ్చిక ఉంటే మరీ మేలు. ఇంట్లోంచి తెచ్చిన అద్దం కూడా వెచ్చగా ఉంటుంది, చల్లబడటానికి గంటైనా కావాలి. నేను చీకటి పడగానే టెలిస్కోపు బయట పెట్టి, భోంచేసి వస్తాను.

తర్వాత ఎత్తు. ఈ నెల 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురొచ్చాడు, మనకి సుమారు 63 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఉన్నది మిథునంలో, పునర్వసు నక్షత్రాల దగ్గర. అది ఆకాశమధ్య రేఖకి 22 డిగ్రీలు ఉత్తరాన ఉన్న చోటు, రాయగడైనా గుణుపురమైనా ఉన్నది సుమారు 19 డిగ్రీల మీద. అంటే నడినెత్తికి మూడు డిగ్రీల దూరంలోంచి వెళతాడు! లండన్లో వాళ్లకి బాగా పైకొచ్చినా 60 డిగ్రీలే. ఎంత పైనుంటే అంత తక్కువ గాలిలోంచి చూస్తాం. ఇంత ఎత్తు మనకు ఉచితంగా దొరికింది, వాడుకోవాలి. కాకపోతే సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు డాబ్సోనియన్ తిప్పడం మహా కష్టం. అందుకే రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి, తూర్పున 60, 65 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు తియ్యండి.

వీడియో అయ్యాక బడి కంప్యూటర్లో పని. మూడూ ఉచితమే: పిప్ అనేది వీడియోలో గురుడిని మధ్యకి తెచ్చి కత్తిరిస్తుంది, ఆటోస్టాకర్ట్ మంచి బొమ్మలు ఏరి పేరుస్తుంది, రెజిస్టాక్స్ పదును పెడుతుంది. మంచివి పావువంతు తీసుకుంటే చాలు. పదును మాత్రం అతి చెయ్యకండి, అంచు చుట్టూ లేని గీత పుడుతుంది. పిల్లలు దాన్ని నిజమనుకుంటారు.

ఎర్రమచ్చ మనవైపు ఎప్పుడొస్తుందో ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో ముందే చూసుకోండి. నడిమధ్యకి వచ్చే వేళకి ముందు ఒక ముప్పావుగంట, వెనక ఒక ముప్పావుగంట బాగా కనబడుతుంది.

ఇంకొకటి. ఒడిశా పిల్లలకి పఠానీ సామంత పేరు తెలిసే ఉంటుంది. ఖండపడాలో పుట్టి, 1904 దాకా బతికిన మనిషి. వెదురుతో, కర్రతో తానే పనిముట్లు చేసుకుని, ఒట్టి కంటితో గ్రహాల దారి కొలిచాడు. మీ ఫొటో పక్కన ఆయన గురించి కూడా నాలుగు ముక్కలు రాసి పెట్టండమ్మా. ఈ నేల మీదే, చేతిలో అద్దం లేకుండా, ఇదే గురుడిని ఒకాయన కొలిచాడని ఆ పిల్లలకి తెలియాలి.


వంశధార_టీచర్
18 జనవరి 2026

బాబాయ్ గారూ, ఇంత ఓపికగా రాశారు, ధన్యవాదాలు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంది, ఇప్పుడే చూశాను. కానీ మాకు పెరడు లేదు, డాబాయే గతి. వీధిలో పెడదామంటే లైట్లు, కుక్కలు. ఏం చెయ్యమంటారు?


నాగావళి_గట్టు
18 జనవరి 2026

వీధి వద్దమ్మా. పార్వతీపురంలో మా చెల్లెలి ఇంట్లోనూ డాబాయే. సాయంత్రం నాలుగింటికే అక్కడ ఎండ తగలకుండా గోనెపట్టాలు, వాటి మీద చాప పరుస్తాం. పూర్తిగా పోదు గానీ తగ్గుతుంది. పిట్టగోడకి ఆనించి పెట్టకండి, గోడా వేడిదే. కుదిరితే ఒక రాత్రి ఒంటిగంటన్నర తర్వాత లేవండి. అప్పటికి డాబా చల్లబడి ఉంటుంది, గురుడు పడమటికి వాలి మళ్లీ అదే ఎత్తులో ఉంటాడు.


ప్రాణహిత_ఇసుక (సిరొంచ, మహారాష్ట్ర)
20 జనవరి 2026

మేడమ్, బాబాయ్ గారు గాలి గురించి చెప్పింది అక్షరాలా నిజం. కెమెరా విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు.

ఫోన్ వీడియోని సైజు తగ్గించడానికి నొక్కేస్తుంది, పైగా తనకు తోచినట్టు నునుపు చేస్తుంది. మనం ఏరుకోవాల్సిన సన్న వివరం అక్కడే సగం పోతుంది. నేను గ్రహాల కెమెరా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఐపీసు తీసేసి ఆ గొట్టంలోనే పెట్టడం, లాప్‌టాప్‌కి కలపడం. పిక్సెల్ 2.9 మైక్రాన్లు. పిక్సెల్ సైజుని ఐదుతో గుణిస్తే ఎంత ఎఫ్ నంబరు (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) కావాలో తెలుస్తుంది, అంటే నాకు 14, 15. మీది ఎఫ్ 8, కాబట్టి రెండింతల బార్లో (ఫోకల్ లెంగ్త్ పెంచే కటకం) పెడితే 16, సరిగ్గా సరిపోతుంది. అప్పుడు గురుడు సెన్సర్ మీద దాదాపు 190 పిక్సెళ్ల వెడల్పు వస్తాడు. అదే ఫోన్‌తో తీసినదాన్ని దీని పక్కన పెట్టి చూశాను, చారల అంచుల్లో వంపులు దీంట్లోనే వచ్చాయి. కష్టం ఏంటంటే, మోటారు లేకపోతే గురుడు అరనిమిషంలో ఫ్రేము దాటిపోతాడు, వెతికి పట్టుకోవడానికి చెయ్యి అలవాటవ్వాలి. ఇప్పటికిప్పుడు కొనమని అనడం లేదు. మీరు అక్కడితో ఆగే మనిషిలా అనిపించడం లేదు కాబట్టి చెబుతున్నాను.

గాలి గురించి మా దిక్కు అనుభవం ఒకటి. మాది ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఉత్తరపు గాలి వీచి, ఆకాశం కడిగినట్టుండి, చుక్కలు మిలమిలా మెరిసే రాత్రులుంటాయి చూడండి, చూడటానికి అందమే కానీ గ్రహాల ఫొటోకి పనికిరావు. పైన గాలి ఉరకలేస్తోందని అర్థం. ఏటి మీద పల్చగా పొగమంచు పట్టి, చుక్కలు మినుకుమనకుండా మసగ్గా ఉన్న రాత్రే నాకు మంచి ఫొటోలు వచ్చాయి. మీకూ వంశధార పక్కనే కాబట్టి అలాంటి రాత్రులు దొరుకుతాయి. మసకగా ఉందని ఇంట్లో పడుకోకండి. కాకపోతే ఐపీసు మీద తేమ పడుతుంది, గుడ్డతో తుడవకండి, వాడనప్పుడు జేబులో పెట్టుకుంటే ఒంటి వెచ్చదనానికి పట్టదు.

ఒకసారి అద్దాల వరస కూడా చూసుకోండి. నడినెత్తిన ఉన్న ఒక చుక్కని తీసుకుని ఫోకస్ కొంచెం చెడగొడితే వలయాలు వస్తాయి. మధ్యలో నల్లచుక్క ఒక పక్కకి జరిగి ఉంటే అద్దం స్క్రూలు సరిచెయ్యాలి. బస్సులో వచ్చిన టెలిస్కోపైతే ఇది తప్పదు.


నాగావళి_గట్టు
20 జనవరి 2026

తమ్ముడూ, అద్దాల మాట బాగా గుర్తుచేశావు. కెమెరా దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఆవిడకి కావలసింది క్లాసు గోడకి రెండు చారలు, ఒక మచ్చ. లాప్‌టాప్, వైర్లు, బార్లో పెట్టుకుని చీకట్లో గురుడిని వెతుక్కుంటే పిల్లల పరీక్షలు వచ్చేస్తాయి. ఫోన్‌తో చెయ్యి తిరిగాక అప్పుడు ఆలోచించుకోవచ్చు.


వంశధార_టీచర్
26 జనవరి 2026

వచ్చాయండీ! చారలు రెండూ వచ్చాయి!

గోనెపట్టాలు పరిచాను, టెలిస్కోపు ముందే బయట పెట్టాను, ఇసుకసంచి కూడా కట్టాను. నక్షత్రాలు కదలకుండా మసగ్గా ఉన్న రాత్రి ఒకటి దొరికింది. మీరన్నట్టు స్క్రీన్ మీద బాగా మసక చేశాక చారలు వాటంతట అవే తేలాయి, నాకు చెయ్యి వణికింది. ఆటోస్టాకర్ట్‌లో పావువంతు ఏరి పేర్చేసరికి కింద, పైన ధ్రువాల దగ్గర బూడిదరంగు కూడా తెలుస్తోంది. ఆ పిల్ల చెప్పింది నిజమే, చారలు రెండూ ఒకే రంగులో లేవు, ఒకటి ముదురు. పర్లాకిమిడి వారు చెప్పినట్టు చంద్రుల ఫొటోలు కూడా వరసగా అంటించాం. హాస్టల్ పిల్లలు అయోని తేల్చేశారు, యూరోపా దగ్గర రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. గురుడికి ఒక అంచున నీలం, ఎదుటి అంచున ఎర్రటి పట్టీ సన్నగా కనబడుతోంది. కంటితో చూస్తే అంతగా లేదు. ప్రింటుకి ఇచ్చేలోపు ఇది పోయే దారి ఉందా?


నాగావళి_గట్టు
26 జనవరి 2026

శభాష్ టీచరమ్మా! చదువుతుంటే నాకు మీకంటే ఎక్కువ సంతోషంగా ఉంది.

ఆ రంగు రెండు కారణాలతో వస్తుంది. గ్రహం కిందికి ఉన్నప్పుడు గాలే పట్టకంలా రంగుల్ని విడదీస్తుంది. మీరు 60 డిగ్రీల పైనే తీశారు కాబట్టి దాని వంతు తక్కువ. మీది చాలావరకు రెండో కారణం: ఫోన్ లెన్సు ఐపీసుకి సరిగ్గా నడిమధ్యన లేదు, కొంచెం పక్కకి ఉంది. పగటిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ కొస మీద పెట్టి, వెలుతురు వలయం స్క్రీన్ మీద అన్ని పక్కలా సమానంగా వచ్చేదాకా హోల్డర్ జరిపి బిగించుకోండి. గురుడు ఐపీసు అంచుల్లో ఉన్నప్పటి వీడియో భాగం కూడా తీసెయ్యండి, మధ్యలోది మాత్రమే వాడండి.

ఇప్పుడున్న బొమ్మకైతే రెజిస్టాక్స్‌లో ఆర్‌జీబీ అలైన్ అని ఉంటుంది. గురుడి చుట్టూ గడి పెట్టి ఎస్టిమేట్ నొక్కితే ఎరుపు, నీలం పొరలు జరిగి కలుస్తాయి. ప్రింటుకి ఇచ్చేముందు స్క్రీన్ మీద ఉన్నదానికంటే కాస్త వెలుతురు పెంచి ఇవ్వండి, కాగితం మీద ఎప్పుడూ ముదురుగానే పడుతుంది. సైజు కూడా రెండింతలకి మించి పెంచమనకండి, చారలు పలచబడిపోతాయి. చుట్టూ నల్లటి ఖాళీ ఎక్కువ వదిలి, చంద్రుల్ని వేరే ఫొటోలోంచి తెచ్చి అదే వరసలో, అదే దూరంలో అతికించమనండి. అలా అతికించినట్టు కింద రాసి పెట్టండి. యూరోపా తగువు తేలాక ఎవరు గెలిచారో కూడా ఇక్కడ చెప్పండి.